కాకర్‌భిట్టా దాకా

ఫిబ్రవరి 8, ఆదివారం

భీమిలి వెళ్ళొచ్చాం. రజియా ఆపా ముందు, నేను వెనక. ఎప్పుడూ ఇంతే. ఆమె బండి వెనకున్న ఎర్రలైటు చూసుకుంటూ నేర్చుకున్నాను నడపడం, అదీ నలభై దాటాక. ఇప్పటికీ ముందు నువ్వు పద అంటే ఏదో వంక చెప్పి వెనకే ఉంటాను.

ఊళ్ళోకి తిరిగే మలుపులో ఆపా బండి ఆగిపోయింది. మళ్ళీ బీచి దగ్గర ఇంకోసారి. ఆమె బండి ఆగడం నేనెప్పుడూ చూడలేదు. "క్లచ్ కేబుల్ బిగుసుకుపోనాదే. తమ్ముడు బషీర్‌కి సెప్పాల" అంది. అంతే. టీ తాగుతూ ఫోన్‌లో మ్యాప్ తీసింది. ఇచ్ఛాపురం, ఒడిశా, బెంగాల్, సిలిగురి... ఆ తర్వాత ఒక నది, నది మీద వంతెన. ఇవతల మన దేశం, అవతల కాకర్‌భిట్టా. నేపాల్.

"వంతెన మద్దిలో బండాపాల. ఓ చక్రం ఇక్కడ, ఓ చక్రం అక్కడ."

"ఆపనిస్తారేటి ఆపా?"

"ఆపనివ్వకపోతే నడిపించుకుంటూ పోదాం. నెమ్మదిగా. ఎవుడేటి సేత్తాడు?"

రంజాన్ అయ్యాక, మార్చి 26న బయల్దేరాలి. ఇద్దరం ఖాయం చేసుకున్నాం.

ఫిబ్రవరి 10

సెలవు దొరికింది. క్లినిక్‌లో మేడమ్ సంతకం పెడుతూ "నేపాల్‌కి విమానాలుంటాయిగా అరుణా" అంది. ఉంటాయి. ఏం చెప్పను? నవ్వాను.

ఆపాని ఓసారి అడిగాను, ఎందుకు ఆపా అంత పట్టుదల అని. వన్ టౌన్‌లో వాళ్ళ సందు చివరికొస్తే హార్బరు. చిన్నప్పట్నుంచీ ఓడల కూత వింటూ పెరిగింది. "ఏ ఏ దేశాల ఓడలో మా సందు సివరికొస్తాయే. నాను ఇచ్ఛాపురం దాటలేదు. ఊళ్ళో ఎవుడు దూరం ఎల్లినా ఆడి బండి సీటు నానే కుట్టాల" అంది. కోపంగా అనలేదు. మామూలుగా అంది. అందుకే గుర్తుండిపోయింది.

ఫిబ్రవరి 13

క్లినిక్ నుంచి అటే వన్ టౌన్ వెళ్ళాను, నా బండి సీటు సంగతి చూద్దామని. కొట్టు ముందు భాగంలో బషీర్ బండి రిపేర్లు, లోపల ఆపా సీటు కుట్టు. రెక్సిన్ వాసన, జిగురు వాసన. బయట ఆటోల గోల.

ఆపా కత్తెరని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. రెక్సిన్ అంచుని ఎడమచేత్తో పట్టి కుడిచేత్తో కుట్టాలి. పట్టు జారిపోతోంది. మోకాలితో నొక్కి పెట్టుకుంటోంది. బషీర్ తలెత్తకుండానే "ఆపాకి ఈ మద్దెన అన్నీ జారిపోతన్నాయి, వయసైపోనాది" అన్నాడు. ఆమె వాడి మీదకి గుడ్డముక్క విసిరింది. నవ్వుకున్నారు.

నేను చెయ్యి చూశాను. ఎడమ అరచేతి వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎత్తుగా ఉండాల్సిన కండ లేదు. అక్కడ పల్లం. కుడిచేతికి ఉంది.

ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చేతులూ కాళ్ళూ పట్టి వ్యాయామం చేయించే బతుకుతున్నాను. అలాంటి చేతులు చూశాను. కొన్ని బాగయ్యాయి. కొన్ని...

సీటు గురించి మాట్లాడి వచ్చేశాను.

ఫిబ్రవరి 14

చూడలేదనుకుందాం.

ఫిబ్రవరి 17

అనుకోలేకపోయాను. క్లినిక్‌కి పిలిచాను, మోకాలు నొప్పి అంటున్నావుగా చూస్తాను రా అని అబద్ధమాడి. మోకాలు చూశాక, ఆటలాగా రెండు చేతుల్లోనూ చెరో కాగితం ముక్క పెట్టాను. బొటనవేలూ చూపుడువేలూ మధ్య గట్టిగా పట్టుకో, నేను లాగుతా అన్నాను. కుడిచేతి కాగితం చిరిగింది. ఎడమచేతిది చప్పుడు లేకుండా వచ్చేసింది.

ఆపా నవ్వలేదు. "ఇందుకా పిలిసినావు. ఏటి అయ్యుంటాది?" అంది.

"నరం నొక్కుకుపోయుంటాది. నరాల డాక్టరుకి ఓసారి సూపిద్దాం ఆపా."

"సూపిద్దాం. ఎల్లొచ్చినాక."

"ముందే ఎల్తే..."

"ముందే ఎల్తే ఆడేటంటాడో నాకు తెల్దేటి? బండి తొక్కొద్దంటాడు. ఎల్లొచ్చినాక అనమను." చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. "బషీర్‌తో అనకు."

అనను అన్నాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉపవాసాలు మొదలయ్యాయి. తెల్లారకముందే ఆపా సహెరీ తిన్నాక బయల్దేరాం, అనంతగిరి ఘాట్‌కి. కొండరోడ్డు అలవాటవ్వాలి కదా, నేపాల్లో ముందుకెళ్తే అన్నీ కొండలే. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. కాఫీతోటల్లో మంచు. ఆపా పాట పాడుకుంటోంది, హెల్మెట్లోంచి ముక్కలు ముక్కలుగా నాకు వినిపిస్తూనే ఉంది.

దిగేటప్పుడు. మలుపు. ఆమె గేరు తగ్గించాలి. క్లచ్ నొక్కలేదు - నొక్కలేకపోయింది - బండి ఒక్క ఎగురు ఎగిరి పక్కకి జారింది. కంకర మీద ఈడ్చుకుంటూ పోయి లోయ వైపు గోడకి ఇవతల ఆగింది. నేను నా బండి ఎలా ఆపానో తెలీదు. పరిగెత్తాను. ఆమెని లేపి రోడ్డు పక్కకి తెచ్చానో లేదో పైనుంచి బస్సు వచ్చింది. మలుపులో హారన్ కొట్టుకుంటూ, మేం ఉన్నామన్న ధ్యాసే లేకుండా వెళ్ళిపోయింది.

మోచెయ్యి గీరుకుపోయింది. ఇంకేం కాలేదు. నీళ్ళ సీసా ఇచ్చాను. "రోజాలో ఉన్నాను" అని పక్కకి తోసింది.  తర్వాత, తన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చేతిని చూసినట్టు చూస్తూ -

"మాట ఇన్లేదే. నొక్కు అన్నాను. ఇన్లేదు."

ఆమె బండి టీ కొట్టు దగ్గర వదిలేసి, నా వెనక ఎక్కించుకుని వచ్చాను. బషీర్ వ్యాను తీసుకెళ్ళి తెచ్చుకుంటాడు. వాడికి కేబుల్ తెగిందని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. తల ఊపాను.

ఫిబ్రవరి 23

మా ఆయనతో చెప్పేశాను. స్టీల్‌ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటున్నాడు. మోచేతికి కట్టెందుకు ఆవిడకి అని అడిగాడు, అంతే, మొత్తం బయటికొచ్చేసింది. చెయ్యి, కాగితం ముక్క, ఘాట్, అన్నీ. నా అనుమానం కూడా. మెడ దగ్గరో మోచేతి దగ్గరో నరం నొక్కుకుపోతే మంచిదే, సరిచెయ్యొచ్చు. అది కాకపోతే కండలన్నీ ఒకటొకటిగా పోయే జబ్బు. అలాంటి ఇద్దర్ని చూశాను. వాళ్ళకి నేను చేసింది, చెయ్యగలిగింది... రాయను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "నాను కాయితం ఇవ్వను" అన్నాడు.

నా బండి ఆయన పేరు మీద ఉంది. సరిహద్దు దాటాలంటే యజమాని అనుమతి పత్రం చూపించాలి, నోటరీ ముద్రతో.

"నాకేటైనా అవుద్దనా?"

"నీకు కాదే. ఆవిడకేటైనా అయితే. దేశం కాని దేశంలో, నీ కళ్ళ ముందల. ఆ తర్వాత నువ్వు బతికినన్నాళ్ళూ నిద్రపోవు. నాకు తెల్దా నీ సంగతి?"

ఆయన పళ్ళెం తీసుకెళ్ళి కడిగాను.

ఫిబ్రవరి 26

ఆయన బషీర్‌కి చెప్పేశాడు. నన్ను అడగలేదు. "తమ్ముడు గదేటి, సెప్పకుండా ఎలగుంటాం" అంటాడు. నా అనుమానంతో సహా చెప్పాడు.

ఆపా ఫోన్ చేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా ఒంట్లో ఏటున్నాదో నాకు సెప్పకుండా మీ ఆయనకి సెప్పినావా?"

"ఆపా, నాను -"

"నాను అడిగినాను. ఏటి అయ్యుంటాది అని. నరం అన్నావు. ఇంకోటి ఉన్నాదని అనలేదు. నా ఒంటి సంగతి మీ ఆయన మా బషీర్‌కి సెప్తే, బషీర్ ఏడ్సుకుంటూ నాకు సెప్పినాడు. నా కొట్లో. గిరాకీ ముందల."

పెట్టేసింది.

ఫిబ్రవరి 28

ఆపా ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 3

కొట్టుకి వెళ్ళాను. బషీర్ ఒక్కడే ఉన్నాడు. "ఇంట్లో ఉన్నాది చెల్లెమ్మా. ఇప్పుడొద్దు" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది.

మార్చి 8, ఆదివారం

ఒక్కదాన్నే భీమిలి వెళ్ళాను. ముందు ఎర్రలైటు లేదు. రోడ్డు చాలా వెడల్పుగా కనిపించింది. సగంలో వెనక్కి తిరిగాను.

ఈయనతో మాటలు తగ్గాయి. "నీ మంచికే సేసినాను" అన్నాడు పొద్దున. నేను దోసె తిరగేస్తూ ఉండిపోయాను. తప్పు ఆయనదేనా? ఆపాకి చెప్పాల్సింది నేను. ఆమె మొహం చూసి చెప్పే ధైర్యం లేక, చెప్పడం తేలికైన మనిషికి చెప్పుకున్నాను.

మార్చి 10

ఆపా వచ్చింది! క్లినిక్ మూసే వేళకి. ఆటోలో. బండి మీద కాక ఆమె ఎక్కడికైనా రావడం ఇదే మొదటిసారి అనుకుంటాను. ఇఫ్తార్ దగ్గరపడింది, సంచిలో ఖర్జూరాలు. వ్యాయామాల గదిలో బల్ల మీద కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు. నా మొకం సూసి సెప్పు. రెండూ సెప్పు."

చెప్పాను. మొదటిది చెప్పాను. రెండోది కూడా. ఎలా మొదలవుతుందో, ఎలా పాకుతుందో. ఎంత త్వరగానో ఎవరూ చెప్పలేరని కూడా. ఆమె అడ్డం రాలేదు. చివర్లో -

"రెండోదైతే కుట్టు పోద్దా?"

"పోద్ది ఆపా."

"బండి?"

"అదీని."

"మాట?"

తల ఊపాను. ఆమె కిటికీ వైపు చూసింది. మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని ఇంకోటి నా చేతిలో పెట్టింది. ఇద్దరం తిన్నాం. తర్వాత నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "నువ్వెందుకే ఏడుత్తన్నావు, సెయ్యి నాది గదా" అంది. నా వీపు మీద చెయ్యి వేసింది. కుడిచెయ్యి.

పరీక్షకి ఒప్పుకుంది.

మార్చి 13

నరాల పరీక్ష అయింది. లోపలికి నన్ను రానివ్వలేదు. బయట బెంచీ మీద నేనూ బషీరూ. వాడు నాతో మాట్లాడలేదు, కానీ టీ తెచ్చిచ్చాడు.

ఆపా బయటికొచ్చి "ఓలమ్మో, కరెంటు పెట్టినారే! సూదులు గుచ్చి మరీ!" అంది. అందరూ తిరిగి చూశారు.

మార్చి 16

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. మోచేతి దగ్గర నొక్కుడు కాదు. మెడ స్కానింగులో కొంచెం ఉంది, కానీ చేతిలో ఇంత నష్టానికి అది చాలదు. రెండోదే అని చెప్పలేం. కాదనీ చెప్పలేం. కొన్ని నెలలాగి మళ్ళీ పరీక్ష చెయ్యాలి. పాకితే తెలుస్తుంది.

పాకితే తెలుస్తుంది. ఆ ముక్క ఎంత మెత్తగా అన్నాడో.

బండి నడపొద్దన్నాడు. ఆపా "నడపను సార్" అంది. అంత వెంటనే ఒప్పుకునేసరికి బషీర్ ఆమె వైపు అనుమానంగా చూశాడు. నేను కూడా.

మార్చి 17

తెలిసింది. పొద్దున్నే ఫోన్.

"నడపనన్నాను. ఎక్కననలేదు. నువ్వు తోలు, నాను ఎనకాల కూకుంటాను."

"నా బండి మీద ఇద్దరం? అంత దూరం? ఆపా, నాకు ముందు దారి సూపించేది నువ్వు..."

"ఎనకాల్నుంచి సూపిస్తాను."

"కొన్నాళ్ళు ఆగి, పరీక్ష అయినాక -"

"అప్పటికి పట్టుకుని కూకునే ఓపిక కూడా లేకపోతే?"

  ఫోన్లో ఇద్దరి ఊపిరీ, వెనక ఎక్కడో ఓడ కూత.

మార్చి 18

వద్దనడానికి నా దగ్గర కారణాలు: నేను వెనక మనిషిని పెట్టుకుని దూరం నడపలేదు. ఆమె పడితే ఎడమచేత్తో కాసుకోలేదు. ఈయన కాగితం ఇవ్వలేదు. బషీర్ చంపేస్తాడు.

సరే అనడానికి ఒక్కటే. ఆమె అడిగింది.

మార్చి 21

ఈద్. సాయంత్రం వన్ టౌన్ వెళ్ళాం, ఈయన కూడా. సందంతా అత్తరు. బషీర్ భార్య షీర్ ఖుర్మా పాయసం పెట్టింది. ఆపా ఆకుపచ్చ సల్వార్‌లో, జుట్టుకి నూనె రాసి, చిన్నపిల్లలా ఉంది. అందరి ముందూ తనే మొదలుపెట్టింది - గురువారం ఎల్తన్నాం, అరుణ బండి మీద.

బషీర్ గిన్నె కింద పెట్టేశాడు. "ఆపా, నీకేటైనా పిచ్చా?"

"ఉన్నాదేమో. దానికి కూడా పరీక్ష సేయించు."

"నవ్వులాటలాడకు. ఎవుడు ఎల్లనిస్తాడు నిన్ను?"

"ఒరే, నాను నిన్ను అడగతన్నానా? సెప్తన్నాను. నీ పెళ్ళికి, నీ కొట్టుకి, నీ పిల్లల చదువుకి ఎవుర్నడిగినాను? కుట్టినాను. పెట్టినాను. ఇన్నేళ్ళు ఎక్కడికైనా ఎల్తానని అన్నానా?"

వాడు లేచి బయటికి పోయాడు.  అప్పుడు ఈయన, ఇంతసేపూ నోరు విప్పని మనిషి, లేచి వాడి వెనకే వెళ్ళాడు. చాలాసేపు సందులో నిలబడి మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

మార్చి 22, ఆదివారం

బషీర్ వచ్చి నా బండి తీసుకుపోయాడు. "నాను ఒప్పుకోనేదు. కానీ బండి బాగుండాల గదా" అన్నాడు.

మార్చి 23

బండి తిరిగొచ్చింది. వెనక సీటుకి ఆనుకోడానికి ఇనప ఊచలతో వీపు, రెండు పక్కలా కాళ్ళు పెట్టుకునే వెడల్పు పలకలు. బ్రేకులు కొత్తవి.

ఈయన చుట్టూ తిరిగి చూశాడు. ఊచ పట్టుకుని ఊపి చూశాడు. 

మార్చి 24

ఆపాని ఎక్కించుకుని భీమిలి. ఘోరం.

నేను కుడికి వంగితే ఆమె ఎడమకి వంగుతుంది. ముందు కూర్చునే అలవాటు. "గేరు తగ్గించు, తగ్గించు! ఆటోని సూసినావా!" అంటూ చెవిలో ఒకటే పోరు. కుక్క అడ్డమొచ్చి బ్రేకు వేస్తే ఆమె హెల్మెట్ నా హెల్మెట్‌కి ఠక్కున తగిలింది. పక్కకి ఆపి ఇద్దరం అక్కడే పోట్లాడుకున్నాం. "నువ్వే తోలు అయితే!" అనేశాను.

అన్న తర్వాత ఇద్దరం ఆగిపోయాం.

ఆమె హెల్మెట్ తీసి సముద్రం వైపు తిరిగింది. అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి. మొహం కప్పుకోకుండా, చప్పుడు చేస్తూ. చేపలమ్మి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి "ఏటైనాదమ్మా" అని అడిగారు. ఆపా మొహం తుడుచుకుని "ఏటీ నేదు, ఈవిడికి బండి తోలడం రాదు" అంది. వాళ్ళు నన్ను అదోలా చూసి వెళ్ళారు.

తిరిగొచ్చేటప్పుడు నాతో పాటు వంగింది. మలుపుల్లో ఆమె కుడిచెయ్యి నా నడుం గట్టిగా పట్టుకోవడం తెలుస్తోంది. ఎడమది ఉందో లేదో తెలియడం లేదు.

మార్చి 25, సాయంత్రం

సామాను కట్టేశాం. ఆపా సంచి ఇక్కడే ఉంది, రాత్రికి ఇక్కడే పడుకుంటుంది. మేడ మీద బట్టలు తీస్తోంది. బషీర్ వచ్చి దింపి వెళ్ళాడు. ఆమెతో కాదు, నాతో అన్నాడు - "రోజూ ఫోన్ సెయ్యండి చెల్లెమ్మా. ఆపా అబద్దాలాడుద్ది. మీరు సెయ్యండి."

ఈయన వంటింట్లోకి వచ్చి కాగితం గట్టు మీద పెట్టాడు. సంతకం ఉంది. నోటరీ ముద్ర ఉంది. ముద్ర నిన్నటిది. నిన్ననే చేయించి ఇవాళంతా జేబులో పెట్టుకు తిరిగాడన్నమాట.

నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఒక్క మాటివ్వు. ఆవిడకి కాస్త తేడాగా అనిపించినా సరే, ఎక్కడున్నా సరే, వంతెన మీదున్నా సరే... ఎనక్కి తిరిగిపోయి వచ్చియ్యాల. ఆవిడ అరిసినా వచ్చియ్యాల. నీకు అర్దమవుద్ది తేడా. నీకే అవుద్ది."

"సరే" అన్నాను.

"మొకం సూసి సెప్పు."

ఆయన మొహం చూసి చెప్పాను. తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

బట్టలు మడత పెడదామని మేడ మీదకి వెళ్ళాను. ఆపా పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. హార్బరు వైపు క్రేన్ల మీద దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది, తిరక్కుండానే అంది -

"అరుణా. దారిలో నాకేటైనా అవుద్ది. అవ్వచ్చు. సెయ్యి పూర్తిగా పడిపోవచ్చు, కాలు కూడా. నాను బయపడతాను. ఇంటికెల్లిపోదామే అని ఏడుత్తాను. నా సంగతి నాకు తెలుసు."

"ఆపా..."

"ఇను. అప్పుడు నా మాట ఇనకు. ఎనక్కి తిప్పకు. వంతెన దాటించీ. దాటినాక ఏటైనా పర్లేదు."

తిరిగి నా వైపు చూసింది. నా మొహం మీద ఏం కనిపించిందో, దగ్గరికొచ్చి నా చెయ్యి తన ఎడమచేత్తో పట్టుకుంది. పట్టుకోవడానికి ప్రయత్నించింది. నేనే పట్టుకున్నాను.

"దాటిస్తావా?"

"సరే" అన్నాను.

ఇద్దరికీ సరే అన్నాను. ఇద్దరికీ అన్నప్పుడు, నిజంగానే అన్నాను.